వీసీగారి వర్తమానం

విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ అనేది ఒకటుందని ఏడాదిలో పదకొండు నెలలపాటు ఎవరికీ గుర్తుండదు. డిసెంబరు మూడో వారంలో మాత్రం పేషీ నుంచి అటెండరు వచ్చి మా గుమ్మంలో నిలబడతాడు. "సార్ మిమ్మల్ని రమ్మంటున్నారండీ. ఏదో తెలుగు పనంట." కుళాయి పని, కరెంటు పని అన్నట్టే అంటాడా మాట. నేనూ పానా పట్టుకెళ్లే ప్లంబరులాగే కళ్లజోడూ పెన్నూ జేబులో పెట్టుకుని బయల్దేరతాను.

పనేమిటంటే, జనవరి ఒకటిన వీసీగారు సిబ్బందికీ విద్యార్థులకూ ఇచ్చే వార్షిక సందేశం. ఏడాదిలో ఏం సాధించాం, ఇకముందు ఎటు పోబోతున్నాం అన్నది విషయం. ఇంగ్లీషు ప్రతి నాణ్యత సంగతి చూసే ఐక్యూఏసీ డైరెక్టరు తయారుచేస్తాడు. దాన్ని తెలుగులోకి దించి, మధ్యమధ్య కాస్త 'మన సంస్కృతి' చల్లడం నా వంతు. ఇరవై ఏడేళ్లలో ఆరుగురు వీసీలకు చల్లాను. మిగతా కాలమంతా ఇన్‌ఛార్జీలది. ఇన్‌ఛార్జీ వీసీలకు సందేశం ఉండదు, సంతకం మాత్రమే ఉంటుంది. కాబట్టి ఈ కింద కనిపించే వీసీగారు ఫలానా ఆయన అని ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. ఆరుగురినీ ఒకే రోట్లో వేసి రుబ్బిన పిండి ఈయన.

చాంబరులోకి అడుగుపెట్టగానే ముందు కనిపించేది ఆయన కాదు, కుర్చీ. దాని వీపున ఉతికి ఆరేసిన తెల్లటి టర్కీ తువ్వాలు. వెనక గోడకు టేకు పలక. పలక మీద ఇదివరకటి వీసీల పేర్లు బంగారు రంగులో, పేరు పక్కన రెండు గడులు: 'నుంచి', 'వరకు'. అన్నిటికన్నా కింది పేరు దగ్గర 'నుంచి' నిండి ఉంటుంది, 'వరకు' ఖాళీ. వీసీగారు ఆ పలకకు వీపు పెట్టి కూర్చుంటారు. ఎదురుగా కూర్చునే మాకు మాత్రం ఆయన చెవి పక్కనుంచి ఆ ఖాళీ గడి కనిపిస్తూనే ఉంటుంది. మా రిజిస్ట్రారుగారు ఏ ఫైలు ఎంత తొందరగా కదపాలో ఆ గడిని చూసే నిర్ణయిస్తారని నా అనుమానం.

మనిషి చెడ్డవారు కాదు. వృక్షశాస్త్రం ఆచార్యులు. ఒకప్పుడు పిల్లల్ని వెంటేసుకుని కొండలెక్కి, ఆకు తుంచి, నలిపి, వాసన చూసి జాతి పేరు చెప్పేవారట. ఆ తర్వాత సెర్చ్ కమిటీ ముగ్గురు సభ్యులూ కూర్చోవడం, మూడు పేర్ల జాబితా పైకి వెళ్లడం, మూడేళ్ల పదవి రావడం, ఈ మూడు ముళ్లూ పడ్డాక బొకేలో పువ్వు తప్ప వేరే మొక్కను చూసే తీరిక లేకపోయింది. మొదటి ఏడాది శాలువాలకు సరిపోతుంది. రెండో ఏడాది, విశ్వవిద్యాలయానికి గ్రేడు వేసే నాక్ పీర్ టీంకు. మూడో ఏడాది సగం రోజులు రాజధానిలోనే గడుస్తాయి, ఎందుకని మేం అడగం.

ఆయనకు గిట్టనిది ఒక్కటే, తన పదవికి తెలుగు పేరు.

"ఈ 'ఉపకులపతి' ఏమిటి మాస్టారూ? ఉపగ్రహం, ఉపనది, ఉప ఎన్నిక... ఉప అంటే ఎక్కడైనా చిన్నదే కదా?"

"ఉపనిషత్తు కూడా ఉంది సార్," అన్నాను.

ఆయన ముఖం వికసించింది. ఆ ఏడాది సందేశంలో ఉపనిషత్తులు మూడుచోట్ల వచ్చాయి.

ఇక ఈ సందేశం తయారయ్యే రాత్రి గురించి చెప్పాలి. ఎనిమిదవుతుంది. బల్ల చుట్టూ రిజిస్ట్రారు, డైరెక్టరు, ఇద్దరు డీన్లు, నేను. ఇరానీ చాయ్, ఉప్పు బిస్కెట్లు. వీసీగారు ఆకుపచ్చ ఇంకు పెన్ను మూత తీస్తారు.

"ఎంవోయూలు ఎన్ని?"

"ముప్పై ఒకటి సార్."

"పోయినేడు?"

"ఇరవై తొమ్మిది. ఈ ఏడు కొత్తవి ఐదు చేశాం. పాతవి మూడింటికి గడువు తీరిపోయింది."

"తీరిపోయినవాటి సంగతి ఎవరడిగారండీ? ముప్పై నాలుగు వేయండి."

ఎంవోయూ కుదిరే తంతు చూసి తీరవలసిందే. ఒకేరకం నీలం అట్టల ఫైళ్లు రెండు, ఒకేరకం పెన్నులు రెండు. సంతకాలు చేసి ఫైళ్లు మార్చుకునేటప్పుడు ఇద్దరూ కెమెరా వంకే చూస్తారు. ఎవరి ఫైలు ఎవరి చేతిలోకి వెళ్లిందో చూసేవాడు ఆ గదిలో ఉండడు. ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. ఓసారి పాత సందేశం ప్రతి కోసం పేషీలో అద్దాల బీరువా తెరిస్తే, మెమెంటోల వెనక ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో చేసుకున్న ఎంవోయూ దొరికింది. రెండు ప్రతులూ మా దగ్గరే ఉన్నాయి. వాళ్ల ప్రతిని వాళ్లు మరిచిపోయి వెళ్లారు. ఇంతవరకూ అడుగుతూ ఉత్తరం రాలేదు.

"పేటెంట్లు?"

"పద్నాలుగు సార్."

"వచ్చాయా?"

"పబ్లిష్ అయ్యాయి సార్."

డైరెక్టరు ఆ 'పబ్లిష్' అన్న మాటను ప్రసాదం పెట్టినంత మెత్తగా అంటాడు. మన దేశంలో పేటెంటుకు దరఖాస్తు పెడితే 18 నెలలు నిండాక అది దానంతటదే పేటెంట్ల జర్నల్లో అచ్చవుతుంది. ఆగలేనివాళ్లు అదనపు రుసుము కట్టి ముందే వేయించుకోవచ్చు. అంటే, 'ఫలానావారు ఫలానాది కనిపెట్టామంటున్నారు' అని లోకానికి చాటింపు వేయడం. నిజంగా కనిపెట్టారా అని పరీక్షించి హక్కు ఇవ్వడం వేరే సంగతి, దానికి వేరే కాలం పడుతుంది. విత్తనాల ప్యాకెట్టు మీద బొమ్మ చూపించి, ఇంటికి వంకాయలు తెచ్చానని చెప్పుకోవడంలాంటిదిది. 2021లో విద్యాసంస్థలకు పేటెంటు రుసుములు 80 శాతం తగ్గించారు. తగ్గించారో లేదో, మా ఆచార్యుల్లో అన్నాళ్లూ అణగి ఉన్న సృజనశక్తి కట్టలు తెంచుకుంది.

ర్యాంకు దగ్గర కాస్త నిశ్శబ్దం. ఎన్‌ఐఆర్‌ఎఫ్ వాళ్లు మొదటి వందమందికే ర్యాంకు అంకె ఇస్తారు. ఆ తర్వాత 101 నుంచి 150 ఒక బ్యాండు, 151 నుంచి 200 ఇంకొకటి. బ్యాండులో ఎవరెక్కడో చెప్పరు, పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో పెడతారు. మాది రెండో బ్యాండు. అయితే మా పేరు మొదటి అక్షరాల్లో పడడం పూర్వుల పుణ్యం. "బ్యాండులో మనమే ముందున్నాం" అన్నారు డీన్‌గారు. అబద్ధం కాదు. వీసీగారు ఆకుపచ్చ టిక్కు పెట్టారు.

నాక్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మా వంతు వచ్చినప్పుడు అక్కడ నాలుగు పాయింట్ల స్కేలు. 3.01 వస్తే ఏ గ్రేడు, 3.00 దగ్గర ఆగితే బీ ప్లస్ ప్లస్. రెండు ప్లస్సులు తగిలించినా బీ బీయే. ఆ 0.01 కోసం పీర్ టీం వచ్చే వారం నర్సరీ నుంచి అద్దెకు తెచ్చిన పూలకుండీలు పరిపాలనా భవనం మెట్లపొడవునా బారులు తీరాయి. వాళ్లు వెళ్లిన మర్నాడే ట్రాలీ ఎక్కి వెళ్లిపోయాయి. మదింపు ప్రమాణాలు ఏడు. ఏడోది 'సంస్థాగత విలువలు, ఉత్తమ పద్ధతులు'. ఏ కష్టం వచ్చినా వీసీగారికి ఆ ఏడోది ఆపద్బాంధవి. హాస్టల్లో నీళ్లు రోజు మార్చి రోజు వస్తున్నాయా, జల సంరక్షణ. సెమినార్ హాలు ట్యూబులైట్లు వెలగవా, ఇంధన పొదుపు. స్టేడియం చుట్టూ గడ్డి నడుములోతు పెరిగిందా? దీనికి మాత్రం ఆయన ఒక క్షణం ఆగారు. లోపల వృక్షశాస్త్రవేత్త కదిలినట్టున్నాడు. "అది పార్థీనియం కదా..." అన్నారు నెమ్మదిగా. మళ్లీ సర్దుకుని, "జీవవైవిధ్యం" అన్నారు.

ఇక భవిష్యత్తు. నేను ఉద్యోగంలో చేరిన 1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 'విజన్ 2020' పత్రం విడుదల చేసింది. దాంతో నా మొదటి సందేశం నిండా '2020 నాటికి' అనే మాటే. 2020 నాటికి అంతర్జాతీయ స్థాయి, 2020 నాటికి కాగితం లేని పాలన. తీరా ఆ ఏడు వచ్చేసరికి మాస్కులు కట్టుకుని ఇళ్లలో కూర్చున్నాం. కాగితం లేని మాట నిజమే, మనుషులు కూడా లేరు. ఇప్పుడు '2047 నాటికి' అని రాస్తున్నాం. ఆ అంకెను ఎంచుకోవడంలో దేశానికొక కారణం ఉంది, స్వాతంత్ర్యానికి నూరేళ్లు. వీసీలకు ఇంకో సౌకర్యం. అప్పటికి ఏ వీసీ కూడా ఆ కుర్చీలో ఉండడు, ఆ సందేశం రాసిన తెలుగు మాస్టారు అసలే ఉండడు.

మా సందేశాల్లో ఇంకో నియమం ఉంది, అది ఒక్క వ్యాకరణం తెలిసినవాడికే అందుతుంది. మొదటి సగం అంతా భూతకాలం: సాధించాం, సంతకం చేశాం, ఆవిష్కరించాం. రెండో సగం అంతా భవిష్యత్తు: చేపడతాం, తీర్చిదిద్దుతాం, ఎదుగుతాం. వర్తమానం ఎక్కడా ఉండదు. ఒకసారి తెలియక 'హాస్టల్ భవనం మరమ్మతు జరుగుతోంది' అని రాశాను. ఆకుపచ్చ గీత పడింది.

"ఈ 'తోంది' తీసేయండి మాస్టారూ."

"ఎందుకు సార్?"

"'తోంది' అంటే చూడ్డానికి వస్తారు."

ఇరవై ఏడేళ్లు క్రియలు పాఠం చెప్పిన నాకు వర్తమానకాలం లక్షణం అంత సూటిగా చెప్పినవారు లేరు. ఆ రోజునుంచి నేనూ నా విద్య చూపించడం మొదలుపెట్టాను. తెలుగులో తద్ధర్మం అని ఒకటుంది. 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' అంటే రేపు మాత్రమే కాదు, ఎప్పుడూనని. వాడుకలో దానికీ భవిష్యత్తుకీ రూపం ఒకటే. కాబట్టి 'విద్యార్థులకు నాణ్యమైన భోజనం అందిస్తాం' అని రాస్తే, హాస్టల్ పిల్లలు 'రేపటి నుంచి కాబోలు' అనుకుంటారు, పీర్ టీం వాళ్లు 'రోజూ కాబోలు' అనుకుంటారు. ఈ సూక్ష్మం విప్పి చెప్పినప్పుడు వీసీగారు కుర్చీలోంచి సగం లేచారు. "ఇన్నాళ్లూ ఎక్కడున్నారు మాస్టారూ?" అన్నారు. తెలుగు శాఖలోనే ఉన్నానండీ. ఎనిమిది కుర్చీలున్న గదిలో ఇద్దరం ఉన్నాం. మిగతా ఆరూ నేను చేరినప్పటినుంచీ ఒక్కొక్కటే రిటైరవుతూ వచ్చాయి. ఇది కూడా 'ఉన్నాం' కాబట్టి సందేశంలోకి రాదు.

సందేశం చివర ఒక మహనీయుడు ఉండి తీరాలి. ఆరుగురూ అడిగిన పేరు ఒకటే: కట్టమంచి రామలింగారెడ్డి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైనప్పుడు తొలి వీసీ ఆయన. 'కట్టమంచివారు అలంకరించిన ఆసనం' అని రాయమంటారు. అది వేరే విశ్వవిద్యాలయం, వేరే ఆసనం అని ఎవరూ అనరు. నేను తెలుగువాణ్ని కాబట్టి 'కవిత్వ తత్త్వ విచారము' ఆయనదే అని ఒక వాక్యం కలుపుతాను, ఆకుపచ్చ గీత పడుతుంది. ఓ ఏడాది ఉత్సాహం ఎక్కువై, శాసనోల్లంఘన ఉద్యమంమీద ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా 1930లో ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చారని కూడా కలిపాను. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ కుర్చీలో కూర్చున్నారు, 1936లో కట్టమంచివారు మళ్లీ తిరిగొచ్చారు. వీసీగారు ఆ పేరా రెండుసార్లు చదివారు. పెన్ను మూత పెట్టారు, తీశారు.

"తిరిగొచ్చారన్నది ఉంచుదాం," అన్నారు. "వెళ్లారన్నది తీసేద్దాం."

"వెళ్లకుండా ఎలా తిరిగొస్తారు సార్?"

"అది చదివేవాళ్ల ఊహకు వదిలేయండి. కవిత్వ తత్త్వం అంటే అదే కదా?"

పదకొండు గంటలకు సభ ముగిసింది. రిజిస్ట్రారూ వాళ్లూ వెళ్లిపోయారు. నా స్కూటరు లైబ్రరీ దగ్గరుంటే, ఆ వైపే కారు పెట్టించానంటూ వీసీగారు కూడా నడిచారు. రోడ్డు పక్కన వరసగా ఇనుప ట్రీ గార్డులు. వనమహోత్సవం నాడు నాటినవి. ప్రతి గార్డుకూ రేకు ముక్క మీద నాటిన ప్రముఖుడి పేరు. పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి. లోపల చూస్తే ఎండు పుల్లలు.

ఆయన ఆగారు. ఫోన్ టార్చి వేసి ఒక గార్డులోకి చెయ్యి దూర్చి, ఒక్క ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"కానుగ," అన్నారు. "మా రోజుల్లో పొంగేమియా అనేవాళ్లం. తర్వాత మిల్లెట్టియా అన్నారు. పేరు మార్చినా దీనికి తెలియదు చూడండి, అలాగే ఉంది." తర్వాత రోడ్డు చివరిదాకా ఒక్కో గార్డు దగ్గరా వంగుతూ వెళ్లారు. కోటు అంచు తుప్పు ఇనుముకు తగులుకుంటున్నా పట్టించుకోలేదు. వెనక్కి వచ్చేసరికి ఆయాసపడుతున్నారు. నేను ఆ గొంతు అంతకుముందు వినలేదు.

"పదకొండు బతికున్నాయి మాస్టారూ. పదకొండు."

"సందేశంలో రెండువేలు అని ఉంది సార్."

టార్చి ఆర్పారు. చీకట్లో కాసేపు ఏమీ అనలేదు.

"'నాటాం' అనే కదా రాశాం?"

"నాటాం అనే సార్."

"'పెరుగుతున్నాయి' అని ఎక్కడా లేదు కదా?"

"ఉండేది సార్. మీరే కొట్టేశారు."

"మంచి పని చేశాను," అని కారెక్కారు. నలిపిన ఆకు మాత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.