డీ డ్రైవ్ మాత్రం ముట్టకు!

కంప్యూటర్‌కు ఏ రోగమొచ్చినా మన దగ్గర మందు ఒక్కటే. తెర నీలంగా మారినా, ప్రింటర్ మొరాయించినా, ఎక్సెల్ షీటు తెరుచుకునేలోపు చాయ్ చల్లారిపోయినా, వనపర్తి నుంచి గద్వాల దాకా ఏ రిపేరు షాపుకు పోయినా తీర్పు మారదు: "ఫార్మాట్ కొట్టాలన్నా." వెంటనే ఇంకో ప్రశ్న: "డేటా ఏమన్న ఉన్నదా?" దానికి యజమాని జవాబు కూడా ఎప్పుడో ఖాయమైపోయింది: "సీ డ్రైవ్ ఏమన్న చేస్కో, డీ డ్రైవ్ మాత్రం ముట్టకు." అంతా కొత్తగా మొదలుపెడదామని వచ్చిన మనిషి పెట్టే మొదటి షరతు, పాతదాన్ని కదిలించొద్దని! ఆ షరతును నేను తప్పుపట్టను. పైగా అందులోనే అసలు సత్యముంది. ఫార్మాట్ కొట్టడమంటే పాతదాన్ని చెరిపేయడం కాదు, ఏది ఎక్కడుందో చెప్పే పట్టికను మార్చడం.

ఇది వేదాంతం కాదు, యంత్రం చేసే పనే అది. క్షణాల్లో ముగిసే క్విక్ ఫార్మాట్ చేసేదల్లా, ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉన్న పట్టికను కొత్తగా రాసి, "ఇక్కడంతా ఖాళీ" అని ప్రకటించడం. ఫైళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి, వాటి మీద ఇంకొకటి వచ్చి పడేదాకా. రికవరీ సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్ళ బతుకుదెరువంతా ఆ సందులోనే ఉంది. ఫుల్ ఫార్మాట్ అయినా విండోస్ ఎక్స్‌పీ కాలంలో అంతసేపు ఊపిరి బిగబట్టి చేసింది, డిస్కులో చెడిపోయిన చోట్లు వెతకడమే. ప్రతి చోటా సున్నాలు రాసి నిజంగా తుడవడం విస్టాతోనే మొదలైంది. ఎస్‌ఎస్‌డీల లెక్క వేరు. ఈ స్థలం ఇక అక్కర్లేదన్న కబురు అందగానే అవి లోలోపల తామే ఖాళీ చేసుకుంటాయి, అక్కడ పోయింది దొరకడం కష్టం. కానీ గిర్రున తిరిగే పాత డిస్కులకు మన జిరాక్స్ సెంటర్లలో ఇంకా కొదవ లేదు.

ఇంకా పెద్ద రుజువు కావాలంటే వనపర్తి జిల్లానే చూడండి. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, పది జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైంది. మహబూబ్‌నగర్ అనే పెద్ద డ్రైవ్‌ను పార్టిషన్ చేస్తే నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిగా తేలాయి. షాద్‌నగర్, ఆమనగల్లు లాంటివి రంగారెడ్డిలోకి కాపీ అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా వేరు పడింది. మరి పాతది పోయిందా? పేపరు తిప్పితే ఇప్పటికీ మహబూబ్‌నగర్ పాత పేరుతో "ఉమ్మడి పాలమూరు" కనిపిస్తుంది. పిన్‌కోడ్ ఇంకా 509తోనే మొదలవుతుంది. అసెంబ్లీ నియోజకవర్గాలేమో 2008 నాటి పునర్విభజన గీతల్లోనే ఉన్నాయి. అందుకే ఒకే వనపర్తి జిల్లాలో ఉండి కూడా పానగల్ వాళ్ళ ఓటు కొల్లాపూర్‌కు పోతుంది, కొత్తకోట వాళ్ళది దేవరకద్రకు, ఆత్మకూరు వాళ్ళది మక్తల్‌కు. ఒక పట్టిక మారింది, పక్క పట్టికకు ఆ సంగతి తెలియదు. ఇక ఉద్యోగాల దగ్గరికొస్తే, ఇంత కష్టపడి విడదీసిన ఆ ఐదు జిల్లాలనూ జోగులాంబ జోన్ అన్న పేరు పెట్టి మళ్ళీ ఒకే ఫోల్డర్‌లో వేశారు!

అలాగని జిల్లాల విభజన దండగ అంటే అలంపూర్ వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. తుంగభద్ర దాటితే కర్నూలు, కలెక్టర్‌ను కలవాలంటే మాత్రం ఎక్కడో మహబూబ్‌నగర్ పోవాల్సిన రోజులు వాళ్ళవి. ఇప్పుడు పోవాల్సింది గద్వాలకే, అది దగ్గరే కదా. పట్టిక సరిగ్గా ఉంటే పని తొందరగా అవుతుంది, ఒప్పుకుంటాను. నా పేచీ పట్టికతో కాదు, దాన్ని పునర్జన్మ అని చెప్పడంతో.

"మరి ఫార్మాట్ కాగానే సిస్టమ్ ఉరుకుతది కదా?" అంటారు. ఉరుకుతుంది. దాని నెత్తిన మనమింకా ఏమీ పెట్టలేదు కాబట్టి. సాయంత్రానికి ప్రింటర్ డ్రైవర్, రెండు బ్రౌజర్లు, ఎవరూ అడగని యాంటీవైరస్ ఎక్కుతాయి. డీటీపీ షాపైతే అను ఫాంట్లు, 2001 నాటి పేజ్‌మేకర్ 7 కూడా ఎక్కాల్సిందే. అవి లేకుంటే డీ డ్రైవ్‌లో భద్రంగా దాచిన పెళ్ళిపత్రిక తెరిచినప్పుడు వరుడి పేరు స్థానంలో ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు పీటల మీద కూర్చుంటాయి. పాత ఫైళ్ళు కావాలంటే పాత సామానంతా వెనక్కి రావాలి, అది వస్తే పాత నడకా వస్తుంది. "వైరస్ అయితే పోతది కదా?" అన్నది రెండో మాట. సీ డ్రైవ్‌లోది పోతుంది. పెన్‌డ్రైవ్‌లోనూ, ముట్టొద్దన్న ఆ డీ డ్రైవ్‌లోనూ ఉన్నదానికి మాత్రం ఎవరూ నోటీసివ్వలేదు. ఫోల్డర్ వేషం వేసుకుని అది ఎవరో ఒకరు డబుల్ క్లిక్ చేసేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, చెరిపేద్దామనుకున్నది పోదు, దాచుకుందామనుకున్నదే పోతుంది. పాత కంప్యూటర్‌ను క్విక్ ఫార్మాట్ కొట్టి అమ్మేసిన జిరాక్స్ సెంటర్ ఊళ్ళో సగం మంది ఆధార్ కాపీలను కూడా కలిపి అమ్మినట్టే. అమ్మే ముందు ఫుల్ ఫార్మాట్ పెట్టి రాత్రంతా వదిలేయాలి. అదే ఉంచుకునేవాడి సంగతి చూడండి. డీ డ్రైవ్ జోలికి రావొద్దని షాపతనికి పదిసార్లు చెబుతాడు. తీరా ముఖ్యమైన ఫైళ్ళన్నీ కళ్ళెదుట ఉంటాయని డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటాడు. ఆ డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లో. డీ డ్రైవ్‌లో ఉన్నవి రెండు పాత సినిమాలు, ఒక న్యూ ఫోల్డర్, అందులో ఇంకో న్యూ ఫోల్డర్. ఈ సంగతి ఫార్మాట్ మధ్యలో గుర్తొస్తే కంగారు పడొద్దు, డిస్కు పాతరకమైతే ఆశ ఉంది. కొత్త విండోస్ ఎక్కించడం మాత్రం అక్కడికక్కడే ఆపమనండి.