కొనేవారొకరు, టైపు కొట్టేవారొకరు

చిక్కబళ్లాపురం జిల్లాలోని ప్రైవేటు బడులు విద్యార్థి సమాచార నిర్వహణ సాఫ్టువేరును, అంటే పిల్లల చేరిక, హాజరు, మార్కులు, ఫీజు, బదిలీ పత్రం వగైరాలన్నీ ఒకేచోట భద్రపరిచే కంప్యూటరు ఏర్పాటును, ఎంపిక చేసుకునే పద్ధతి ఒక ప్రత్యేక శాస్త్రంగా పరిగణించదగినది. ఈ శాస్త్రం ప్రకారం సాఫ్టువేరు మంచిచెడ్డలు తేలేది బడి యాజమాన్య కమిటీ సెక్రటరీగారి గదిలో, కంపెనీ ప్రతినిధి చూపే డెమోలో. ఆ డెమోలో ఒక్కనాడూ నాగా పెట్టని, ఫీజు బాకీ పడని, పేరులో అక్షరం తేడా రాని పిల్లలు మాత్రమే చదువుకుంటూ ఉంటారు. వారి ఫీజు వసూళ్లు రంగురంగుల చక్రాలై గోడమీద వెలగగానే కమిటీకి బేరం నచ్చుతుంది. రేపటినుంచి ఆ తెరముందు కూర్చుని వివరాలు ఎక్కించవలసిన గుమాస్తా ఆ వేళకు కాఫీలు తెప్పించే పనిమీద ఉంటాడు గనుక, అతని అభిప్రాయం సేకరించే వీలు శాస్త్రజ్ఞులకు చిక్కదు.

అతన్నే అడిగి ఉంటే మొట్టమొదట పేరు గడి సంగతి ఎత్తేవాడు. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం లేదా ఇంగ్లీషు. పేరు వెనక ఊరి పేరును, తండ్రి పేరును పొడి అక్షరాలుగా తగిలించుకోవడం కర్ణాటక అలవాటు కాగా, ఇంటిపేరును ముందు పెట్టుకోవడం సరిహద్దుకు అవతలి ఆంధ్ర అలవాటు. సాఫ్టువేరుకు ఇవేవీ పట్టవు. అది 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గడులు చూపి, రెండోది నింపనిదే అంగుళం కదలనంటుంది. దాంతో మంజునాథ ఎన్. అనే పిల్లవాడికి 'ఎన్' అన్నదే వంశనామమై, తండ్రి ఫోనుకు వచ్చే ఫీజు సందేశం 'డియర్ మిస్టర్ ఎన్' అంటూ మొదలవుతుంది. అదే పిల్లవాడి పేరు బడి రికార్డులో కన్నడ ఉచ్చారణకు తగినట్టు చివర ఇంగ్లీషు 'ఏ' అక్షరంతోనూ, ఆధార్ కార్డులో అది లేకుండానూ ఉంటే, చదువు సాగినన్నాళ్లూ ఒకటే ఉండాలని కేంద్రం తెచ్చిన 12 అంకెల గుర్తింపు సంఖ్య, అపార్, పుట్టకుండా ఆగిపోతుంది. ఆ ఒక్క అక్షరం కోసం తండ్రి కూలి మానుకుని ఆధార్ కేంద్రం ముందు నిలబడవలసిందే. డెమోలోని చక్రాల్లో దీనికి రంగు కేటాయించినట్టు లేదు.

విచిత్రమేమంటే, కర్ణాటకలో పిల్లవాడి అధికారిక రికార్డు ఈ కొన్న సాఫ్టువేరులో ఉండనే ఉండదు. అది విద్యాశాఖ నడిపే శాట్స్‌లో, అంటే ప్రతి విద్యార్థికీ ఒక సంఖ్య ఇచ్చి అతని చదువును తరగతి వెంట తరగతిగా నమోదు చేసే రాష్ట్ర వ్యవస్థలో ఉంటుంది. కేంద్రానికి యూడైస్ ప్లస్ అనే మరో వ్యవస్థ ఉంది. 2022-23 నుంచి అది బడి మొత్తం లెక్కలతో తృప్తిపడక, ఒక్కో పిల్లవాడి వివరాలు విడివిడిగా అడుగుతోంది. అడ్మిషన్ రిజిస్టరు ఎటూ తప్పదు. మూడుచోట్ల రాస్తున్న గుమాస్తాకు నాలుగోచోటు చూపి, దానికి 'పేపర్‌లెస్' అని పేరు పెట్టినందుకు తలకింత చొప్పున ఏటా రుసుము చెల్లిస్తారు. కాగితం మాత్రం తగ్గదు: ఒక తెరమీది వివరాలు ప్రింటు తీస్తేనే గదా రెండో తెరలో చూసి కొట్టేది!

ఇక ఈ సాఫ్టువేరుతో వచ్చే మిగతా అలంకారాలు, అంటే బడి బస్సు ఎక్కడుందో చూపే ఆకుపచ్చ చుక్క, పాతపాళ్యం పల్లెలోని తల్లికి ఇంగ్లీషులో వెళ్లే 'ప్రోగ్రెస్ ఇన్‌సైట్' అనే చదువు నివేదిక, వీటి వైభవాన్ని వర్ణించడానికి స్థలం చాలదు.

భద్రత ప్రస్తావన వస్తే ప్రతినిధి 'అంతా క్లౌడ్‌లోనే ఉందండీ' అంటాడు, కమిటీ ఆకాశంవైపు చూసి తల ఊపుతుంది. ఉత్తర అమెరికా బడుల్లో విరివిగా వాడే పవర్‌స్కూల్ అనే ఇలాంటి సాఫ్టువేరులోని వివరాలు కూడా అలాంటి చోటే ఉండేవి. 2024 డిసెంబరులో ఎవరో దొంగిలించిన ఒక్క లాగిన్‌తో అందులోకి చొరబడగా, టొరంటో నగరపు ప్రభుత్వ బడుల్లో 1985 నుంచి చదివినవారి సమాచారం సైతం బయటికి పోయింది. కంపెనీ ఆ దొంగలకు సొమ్ము ముట్టజెప్పాక కూడా, మరుసటి ఏడాది బెదిరింపులు నేరుగా బడులకే వచ్చాయి. బడి వదిలిన పిల్లల వివరాలు ఎన్నేళ్లకు చెరిపేస్తారు అన్నది కొనేముందు అడగదగిన ప్రశ్న. పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటున్నా, ఆ సమ్మతి చాలాచోట్ల ఫీజు రసీదు వెనక సన్నటి అక్షరాల్లో తలదాచుకుంటోంది.

కంపెనీని మార్చదలచిన రోజున పాత వివరాలన్నీ మరో సాఫ్టువేరు చదవగల రూపంలో చేతికి వస్తాయా అని అడిగే కమిటీ అరుదు. అడిగినచోట 'పీడీఎఫ్ ఇస్తాం సార్' అన్న జవాబుకే అందరూ సంతోషిస్తారు. అందరికీ తప్పక నచ్చే సదుపాయం ఇంకొకటి ఉంది. ఫీజు బాకీ ఉంటే బదిలీ పత్రం మీట దానంతటదే మూతపడుతుంది. ప్రాథమిక విద్య చదివే పిల్లవాడు వేరే బడికి మారేటప్పుడు ఆ పత్రం వెంటనే ఇవ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ ప్రధానోపాధ్యాయుణ్ణి ఆదేశిస్తోంది గాని, ఆ సెక్షన్‌ను డెమోలో ఎవరూ చూపలేదు. బ్లాకు విద్యాధికారి (బీఈఓ) కార్యాలయం నుంచి ఫోను వచ్చిన రోజున గుమాస్తా మీట నొక్కుతూనే ఉంటాడు, అది తెరుచుకోదు. తాళం తీసే పాస్‌వర్డు సెక్రటరీగారి దగ్గర, సెక్రటరీగారు తిరుపతిలో.