ముందు బంతిని ఎగరనీ పిల్లగా

ఏంది పిల్లగా, నాలుగు రోజుల నుంచి ఫోనుల తల పెట్టి అదే వెతుకుతున్నవు? వెబ్ యానిమేషన్ నేర్చుకోవాలె, మంచి పాఠాలు ఎక్కడ దొరుకుతయో చెప్పు తాతా అంటివి. నలభై వీడియోలు దాచిపెట్టుకున్నని చూపిస్తివి. అండ్ల ఒక్కటన్న కడదాక చూసినవా? పది నిమిషాలు ఒకని కాడ, ఇంకో పది నిమిషాలు ఇంకొకని కాడ. పది చోట్ల మూడేసి అడుగులు తవ్వి నీళ్లు పడలేదంటే ఎట్ల? మన పాలమూరు నేలల గట్ల తవ్వితే రాళ్లే తేలుతయి.

మా రోజుల్ల ఈ ఎంచుకునే బాధే లేకుండె. 2002 ప్రాంతాల నేను వనపర్తిల కంప్యూటర్ చెప్పేటోణ్ణి. మూడు కంప్యూటర్లు, ఇరవై మంది పిల్లలు. రాజావారి ప్యాలెస్‌ల ఉన్న పాలిటెక్నిక్ పిల్లలు గూడ సాయంత్రం మా కాడికే వచ్చేటోళ్లు. ఒక ఆదివారం తెల్లారగట్ల బస్సెక్కి హైదరాబాదు పోయి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలన్ని తిరగేస్తే బొమ్మలు కదిలించే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ మీద ఒక ఇంగ్లిషు పుస్తకం దొరికింది. అట్ట గూడ లేదు. వచ్చేటప్పుడు జడ్చర్ల కాడ చాయ్‌కి దిగితే, ఎవడన్న ఎత్తుకపోతడేమోనని సంకల వెట్టుకునే దిగిన. తెలుగుల చదువుదామంటే 'కంప్యూటర్ ఎరా' పత్రిక ఉండె, అది వచ్చేదాక ఎదురుచూసుడే.

ఆ పుస్తకంల మొదటి పాఠం ఎగిరే బంతి. ఫ్లాష్‌ల సెకనుకు 12 ఫ్రేములు. నేను పిల్లలను కంప్యూటర్ ముట్టనియ్యకపోయేటిది. ముందు నోటుబుక్కు మూలల మీద గీయిస్తుంటి. నేలకు తగిలేకాడ బంతి చపటగ కావాలె, లేచేటప్పుడు సాగాలె, పైకి పోయినకొద్ది నిదానం, కిందికి వచ్చేటప్పుడు జోరు. వారమంత గదే పని. కరెంటు పోయినా పాఠం ఆగకపోయేది.

ఒక్కదాన్నే పట్టుకునే ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, గద్వాలల మా మేనమామ మగ్గం కాడ చూసింది. చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు. కోటకొమ్మ అనే అంచు డిజైన్‌ను గ్రాఫు కాగితం మీద గడి గడి నింపి దించుతరు. కొత్తగ వచ్చిన పిల్లగానికి పది అంచులు చూపించకపోయేది మా మామ. ఒక్కటి చూపించి, అది చేతికి వచ్చేదాక రెండోదాని పేరెత్తనియ్యకపోయేది.

ఆ ఫ్లాషే పోయింది గద తాతా అంటవు. పోయింది. 1996ల పుట్టింది, 2005ల అడోబీ చేతికి వచ్చింది, 2020 డిసెంబర్ 31తోని ఫ్లాష్ ప్లేయర్ కథ ముగిసింది. గాని బంతి ఎగిరే తీరు మారిందా? డిస్నీల బొమ్మలు గీసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981ల పుస్తకంగ రాసిన పన్నెండు సూత్రాలు ఇవ్వాళ గూడ గవే. సీఎస్ఎస్‌ల నువ్వు రాసే 'కీఫ్రేమ్స్' అన్న మాట ఎక్కడిది? స్టూడియోల పెద్ద చిత్రకారుడు ముఖ్యమైన బొమ్మలు గీస్తే, నడుమ బొమ్మలు చిన్నోళ్లు నింపేటోళ్లు. ఆ ముఖ్యమైన బొమ్మ నుంచి వచ్చిన మాట అది. ఇప్పుడు చిన్నోళ్ల పని బ్రౌజర్ చేస్తది. పెద్దోని పని ఇంకా నీదే, అది ఏ వీడియో చేసిపెట్టదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంట. పుస్తకంల ఏదన్న తప్పుగ అర్థమైతే మాకు దిద్దేటోడు లేకుండె, నేనే ఒక సంగతి ఆరు నెలలు తప్పు చెప్పిన. బస్సు కిరాయి లేక, ఇంట్ల పంపక ఎంతమంది ఆడపిల్లలు మా గడప దాక రాలేదో. ఇప్పుడు నాగర్‌కర్నూల్ పిల్ల ఇంట్ల కూసోని మొజిల్లావాళ్ల ఎమ్‌డీఎన్ పాఠాలు పైసా ఖర్చు లేకుంట చదువుతది. యానిమేషన్ చేసే జీసాప్ లైబ్రరీ గూడ 2025 నుంచి అందరికీ ఉచితమే. దీన్ని నేను కాదనను. గాని ఇంత దొరికి గూడ మీరు ఒక్కటి పట్టుకోకపోతిరి, నా కడుపుమంట గదే.

ఎట్ల ఎంచాలె అంటవా? ముందు పాఠం తేదీ చూడు. అడోబీ ఎడ్జ్ యానిమేట్ నేర్పుతున్నడంటే మూసెయ్, అది ఎన్నడో ఆగిపోయింది. బొమ్మను జరిపేందుకు 'లెఫ్ట్', 'టాప్' మారుస్తున్నడా, 'ట్రాన్స్‌ఫార్మ్' వాడుతున్నడా చూడు. 'లెఫ్ట్', 'టాప్' మారిస్తే బ్రౌజర్ పేజీ కొలతలు మాటిమాటికి లెక్కేసుకోవాలె, మన దిక్కు జనం చేతుల ఉన్న చవక ఫోన్లు తట్టుకోవు. తెర మీద కదలిక చూస్తే తల తిరిగేటోళ్లు ఉంటరు, వాళ్ల కోసం దాన్ని తగ్గించే ఏర్పాటు నేర్పినోడు అసలు మాస్టరు. తన తప్పు తాను దిద్దుకునుడు దాచకుంట చూపించినోణ్ణి ఇడువకు.

రేపు పొద్దుగాల రా. ఫోను ఇంట్ల పెట్టి, నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకో. బంతి ఎగిరినంక, ఆ నలభైల ముప్పై తొమ్మిది ఏవి తీసెయ్యాలెనో ఇద్దరం కూసోని చూద్దాం.