బేరార్ పాయె, బిళ్ళ వచ్చె

మిత్రదేశాల మధ్య పతకాలు చేతులు మారినప్పుడల్లా ప్రశంసాపత్రంలో రెండు మాటలు తప్పకుండా ఉంటాయి: చిరకాల మైత్రి, ఉమ్మడి విలువలు. ఉండనిది ఒక్కటే, లెక్క. ఏం పుచ్చుకుని ఈ పతకం ఇస్తున్నారో, దాన్ని ఎవరి జేబులోంచి తీశారో ఎక్కడా రాయరు. ఆ కొరత తీర్చడానికి తెలుగువాళ్ళకంటే తగినవాళ్ళు దొరకరు. ‘బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అన్న బిరుదును పేరు పక్కన పెట్టుకు తిరిగిన రాజు మన హైదరాబాదులోనే ఉండేవాడు.

ఆ స్నేహం 1798లో గట్టిపడింది. ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లస్లీ నిజాం అలీఖాన్‌కు పెట్టిన షరతులు చాలా తేలిక. మీ దగ్గరున్న ఫ్రెంచి పటాలాలను రద్దు చేయండి, మా పటాలాలను పెట్టుకోండి, జీతాలు మీరే ఇవ్వండి. కాపలా సైన్యం నిజాం కూడు తింటుంది, కంపెనీ మాట వింటుంది. దీన్నే సైన్య సహకార పద్ధతి అని బడిలో బట్టీ పట్టాం. ఎవరికి ఎవరు సహకరించారన్న ప్రశ్న మాత్రం పరీక్షలో రాలేదు. రెండేళ్ళు తిరిగేసరికి జీతాల బదులు భూములే ఇచ్చేయమన్నారు. మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకొచ్చిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు 1800లో కంపెనీ పాలయ్యాయి. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. మైత్రి విషయంలో జనాన్ని అడిగే ఆనవాయితీ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

1928లో నంద్యాల సభలో ఆ సీమకు రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. అయినా సినిమా పంపిణీదారుల చిట్టాలో అది నేటికీ ‘సీడెడ్’, అంటే ఇచ్చేసిన సొత్తు. శుక్రవారం బొమ్మ పడితే శనివారం పొద్దున్నకల్లా నైజాం ఇంత, సీడెడ్ ఇంత అని అభిమానులు వసూళ్ళు ఏకరువు పెడతారు. వెల్లస్లీ మైత్రీ ఒప్పందాన్ని ఇంత భక్తిగా పారాయణం చేసే జాతి ఇంకొకటి ఉండదు.

తర్వాత మిత్రుడి మేత పెరిగింది. హైదరాబాద్ కంటింజెంట్ అని మరో సైన్యం వచ్చింది. దానికి బకాయిలు, బకాయిలకు వడ్డీ. 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆ బాకీ కింద బేరార్ పత్తి నేలను స్వాధీనం చేసుకున్నాడు. నాలుగేళ్ళకు సిపాయిల తిరుగుబాటు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. దివాన్ సాలార్‌జంగ్ మిత్రధర్మం పాటించి తెల్లవాళ్ళ పక్షాన నిలిచాడు. ఆనక పంపకాలు జరిగాయి. తుర్రేబాజ్ ఖాన్ శవానికి నగరంలో బహిరంగ ప్రదర్శన, అలావుద్దీన్‌కు అండమాన్, నిజాం అఫ్జలుద్దౌలాకు 1861లో కొత్తగా పెట్టిన స్టార్ ఆఫ్ ఇండియా ఆర్డర్ తొలి జాబితాలో చోటు. బేరార్‌తో పాటు తీసుకున్న రాయచూరు, నల్‌దుర్గ్ తిరిగిచ్చారు, బేరార్‌ను మాత్రం అట్టే పెట్టుకున్నారు. ఆ ఆర్డర్ హారాన్ని పుచ్చుకున్నవాడు కన్నుమూయగానే వాపసు చేయాలన్నది నిబంధన. పుచ్చుకున్న నేలకు అలాంటి నిబంధనేమీ లేదు.

1902లో వైస్రాయ్ కర్జన్ స్వయంగా హైదరాబాదు దయచేశాడు. నిజాం మహబూబ్ అలీఖాన్‌తో తలుపులు వేసుకుని మాట్లాడాడు. ఆ ఏడాదే బేరార్‌ను ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నారు. కౌలుకు గడువు ఉంటుందని ఎకరం పొలం ఉన్న రైతుకు కూడా తెలుసు. గడువు లేని కౌలును ఊళ్ళో అమ్మకం అంటారు, రాజనీతిలో స్నేహం అంటారు. కొద్ది నెలల్లోనే నిజాం పేరు చివర జి.సి.బి. అన్న బ్రిటిష్ బిరుదు అక్షరాలు చేరాయి. అప్పటి చమత్కారులు వాటిని ‘గేవ్ కర్జన్ బేరార్’ అని విప్పి చెప్పుకున్నారు. కర్జన్‌కు బేరార్ సమర్పించుకున్నవాడు అని. ఇంతకంటే నిజాయితీ గల ప్రశంసాపత్రాన్ని ఏ ప్రభుత్వమూ రాయలేదు.

తర్వాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఈ విద్యలో పెద్దలను మించిపోయాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన సొమ్ముతో విమానాలు కొని 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. 1918లో ఆయనకు ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ హోదాతోపాటు విశ్వాసపాత్రుడైన మిత్రుడన్న బిరుదు దక్కింది. మిత్రుడన్నారు కదా అని ఆయన నమ్మాడు, పాపం. బేరార్ తిరిగివ్వండి, ఇద్దరం సమానులుగా కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. వైస్రాయ్ రీడింగ్ 1926 మార్చిలో ఉత్తరం రాసి మైత్రి అంటే ఏమిటో విశదం చేశాడు. హిందూదేశంలో బ్రిటిష్ రాజ్యాధికారమే సర్వోన్నతం, ఏ సంస్థానాధీశుడూ సరిసమానుడిగా బేరమాడలేడు అని దాని సారాంశం. బిరుదు మాత్రం వెనక్కి తీసుకోలేదు, అది ఉచితం కనక. పదేళ్ళకు, 1936లో, నేల ఇవ్వకుండా నేల పేరు ఇచ్చారు. ఆయన ‘హైదరాబాద్ బేరార్‌ల నిజాం’, పెద్దకొడుకు ‘ప్రిన్స్ ఆఫ్ బేరార్’. యువరాజు ఏలడానికి అందులో బెత్తెడు చోటు లేదు.

మరి ఉమ్మడి విలువల సంగతి? అవి ఉన్నాయి, కాదనలేం. శిస్తు వసూలు విషయంలో రెసిడెన్సీకీ దేవిడీకీ ఎన్నడూ అభిప్రాయభేదం రాలేదు. ఊరికి అమలుదారు వస్తే కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెనివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, బండి ఉన్నవాడు బండి కట్టాలి. అన్నీ వట్టినే, పేరు వెట్టి. ఆ ఊళ్ళ నుంచి పిండిన శిస్తే బ్రిటన్ ఆకాశంలో విమానమై ఎగిరింది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ చిహ్నంగా నిజాం తలపాగా పెట్టుకుంది, నినాదంగా ‘విశ్వాసపాత్ర మిత్రుడు’ అనే మాటనే ఎంచుకుంది. తలపాగా రాజుది, ఖర్చు వెట్టివాడిది.

1946లో నిజాంకు రాయల్ విక్టోరియన్ చైన్ వచ్చింది. 1947లో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ పెళ్ళికి నిజాం కానుకగా కార్టియే వారి వజ్రాలహారం వెళ్ళింది. అదే ఏడు మిత్రుడు మూటాముల్లె సర్దుకున్నాడు. డొమినియన్ హోదా ఇవ్వండన్న నిజాం మొర చెవికెక్కించుకోలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సరిహద్దు దాటింది, 17కల్లా కథ ముగిసింది. ప్రతిపక్షంలో కూర్చున్న చర్చిల్ పార్లమెంటులో వాపోవడం మినహా లండన్ చేసిన సాయం సున్న. రజాకార్ల ఆగడాలు భరించిన తెలంగాణకు ఆ సున్న మేలే చేసిందనుకోండి, అది వేరే లెక్క. నూట యాభై ఏళ్ళు నమ్మిన మిత్రుడికి మాత్రం అవసరం తీరాక బిరుదూ బిళ్ళలే మిగిలాయి.

ఇది నిజాం ఒక్కడి జాతకం కాదు. బ్రిటన్, జపాన్ 1902లో మిత్రులయ్యాయి. ఆ ముచ్చటలో జపాన్ చక్రవర్తికి 1906లో గార్టర్ బిరుదు ఇచ్చారు, 1929లో చక్రవర్తి హిరోహితోకూ ఇచ్చారు. 1941లో యుద్ధం రాగానే ఆ బిరుదుకు గుర్తుగా విండ్సర్ ప్రార్థనామందిరంలో ఎత్తిన ఆయన జెండా పీకేశారు. 1971లో వ్యాపారం కుదుటపడ్డాక మళ్ళీ ఎత్తారు. విలువలు ఎక్కడికీ పోలేదు, జెండా మాత్రం గాలివాటం చూసుకుంది. 1954లో అమెరికా వెనెజువెలా నియంత పెరెజ్ హిమెనెజ్‌కు లీజియన్ ఆఫ్ మెరిట్ తొడిగింది. ఆయన కమ్యూనిస్టులను జైళ్ళలో కుక్కాడు, విదేశీ చమురు కంపెనీలకు తలుపులు బార్లా తెరిచాడు. విలువలు అంతకంటే ఉమ్మడిగా ఎలా ఉంటాయి? 1958 జనవరిలో జనం ఆయన్ను తరిమేశారు. మే నెలలో ఉపాధ్యక్షుడు నిక్సన్ కరాకస్ వస్తే ఆ జనమే కారు అద్దాలు పగలగొట్టి ప్రశంసాపత్రానికి బదులు చెప్పారు. పతకధారి మయామీలో తలదాచుకుంటే, 1963లో అమెరికాయే పట్టి వెనెజువెలాకు అప్పగించింది.

అదే లీజియన్ ఆఫ్ మెరిట్ 2020 డిసెంబరులో మన ప్రధానికి దక్కింది. వ్యూహాత్మక భాగస్వామ్యాన్ని పెంచినందుకు అని ట్రంప్ ప్రభుత్వం కారణం చెప్పింది. హ్యూస్టన్‌లో ‘హౌడీ మోదీ’, మోతేరాలో ‘నమస్తే ట్రంప్’ అప్పటికే అయిపోయాయి. చప్పట్లకు కొదవ లేదు. 2025 ఆగస్టులో అదే ట్రంప్ మన సరుకుల్లో చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చాడు. రష్యా చమురు కొంటున్నామట, అదీ నేరం. భీమవరం చుట్టుపక్కల చెరువుగట్ల మీద ఆ మైత్రి ధర ఎంతో తెలిసింది. మన రొయ్యకు అతిపెద్ద గిరాకీ అప్పటికి అమెరికాదే. మేత అరువు, ఏరియేటర్ల కరెంటు బిల్లు, వైరస్ భయం మోసుకుంటూ కిలోకు వంద కౌంటుకు తెచ్చిన సరుకును పట్టుబడి రోజున రేటు తగ్గించి అడిగితే, ఆ రైతు ఏ పతకం చూపించి బేరమాడాలి? సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం వచ్చింది. అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు కట్టిన కుర్రాడికి అదీ మైత్రీ పురస్కారమే, కాకపోతే రుసుం కట్టాల్సింది కంపెనీ, తలుపు మూసుకుపోయేది గ్రహీతకు.

స్నేహం ఉన్నచోట బిళ్ళతో పని లేదు. బిళ్ళ వచ్చిందంటే ఏదో చేతులు మారిందని, లేదా మారబోతోందని అర్థం. ఛాతీ పాలకుడిది కనక పతకం బరువు ఆయనకు తెలియదు, దాన్ని జనం మోస్తారు. అందుకే అవార్డుల సంఘాలవారికి ఒక చిన్న మనవి. పతకాలు ఆపమనం, కంసాలి పొట్ట కొట్టడం మా ఉద్దేశం కాదు. ముందువైపు మీ ఇష్టం వచ్చిన సింహాలు, డేగలు, కిరీటాలు చెక్కించుకోండి. వెనకవైపు మాత్రం మూడు గడులు వదలండి: ఇచ్చినవాడు ఏం పుచ్చుకున్నాడు, పుచ్చుకున్నవాడు ఎవరి సొత్తు ఇచ్చాడు, గడువు ఎప్పటిదాకా. ఆ మూడూ నింపి, సొత్తు పోయినవాణ్ణి కూడా వేదిక మీదికి పిలిచి పక్కన కుర్చీ వేయండి. వాడు చప్పట్లు కొడితే మేమూ కొడతాం.