ఒకటో తారీఖు

ఓర్వకల్లు దగ్గర ఓ పల్లె. పొద్దున్నే అరుగు మీద నిలబడి తొమ్మిదో తరగతి పాప వక్తృత్వ పోటీకి తయారవుతోంది. విషయం మార్టిన్ లూథర్ కింగ్. వినేవాళ్ళం ఇద్దరమే, వాళ్ళ తాతా నేనూ.

1955లో అమెరికాలోని మాంట్‌గోమరీలో తెల్లవాళ్ళకు బస్సులో సీటు ఇవ్వనన్నందుకు రోజా పార్క్స్‌ను అరెస్టు చేశారు. కింగ్‌కు అప్పటికి 26 ఏళ్ళు. ఆయన వెంట నిలబడి నల్లవాళ్ళు 381 రోజులు ఆ ఊళ్ళో బస్సెక్కలేదు. ఎండైనా వానైనా పనికి నడిచే పోయారు.

"బస్సులో గూడా కూచోనీరా? వాళ్ళేం మనుషులు తల్లీ!" అన్నాడు తాత. 1968లో 39 ఏళ్ళకే కింగ్‌ను కాల్చి చంపారని చెప్తే తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. కర్నూలు దాటి పెద్దగా ఎరగని రైతు, ఎక్కడో మెంఫిస్‌లో పోయిన మనిషి కోసం ఏడుస్తుంటే నాకూ గొంతు పట్టేసింది.

"1959లో కింగ్ మన దేశానికొచ్చినాడు తాతా. తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి పోతే, హెడ్మాస్టరు 'అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడు' అన్నాడంట. ముందు ఆయనకు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచించి, అవును, నేనూ అంటరానివాణ్ణే అనుకున్నాడు."

తాత ఏమీ అనలేదు.

అంతలో సచివాలయం అమ్మాయి పింఛను తెచ్చింది. వేలిముద్ర రెండుసార్లు పడలేదు. సేద్యం చేసి అరిగిన వేళ్ళు. మూడోసారికి పడింది. నాలుగు వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టింది. తాత నోట్లు కళ్ళకద్దుకున్నాడు.

"కన్నకొడుకు గూడా నెలనెలా ఇట్ల తెచ్చీడు. ఈ పింఛను మొదలుపెట్టినోడు ఎవరో గానీ, వాని కడుపు సల్లగుండ! వాడు దేవుడు."

ఆ అమ్మాయి మంచినీళ్ళడిగింది. తాత ఇంట్లోకి కేకేశాడు: "పంచలో గూట్లో గ్లాసుంది, దాంట్లో పోసీండి." పాప పరుగున లోపలికి పోయి, తను తాగే గ్లాసులోనే తెచ్చిచ్చింది.

అమ్మాయి వెళ్ళిపోయాక పాప మళ్ళీ అందుకుంది. ఆ ప్రసంగం నేర్పిన టీచరెవరో గానీ చేతులెత్తి మొక్కాలి. రెండో సగమంతా కర్నూలు గడ్డ మీదే నడిచింది. "అట్లాంటి మనిషి మన పక్కనే పుట్టినాడు. పెదపాడులో, 1921లో. పుట్టిన కొద్ది రోజులకే నాయన పోయినాడు. కష్టపడి లా చదివినాడు. 1960 జనవరి 11న, 38 ఏళ్ళకే మన ముఖ్యమంత్రి అయినాడు. దేశంలో ఏ రాష్ట్రానికైనా తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనే, దామోదరం సంజీవయ్య. అవినీతి నిరోధక శాఖ వచ్చింది ఆయన కాలంలోనే. తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడు గూడా..."

"ఆపు పాపా," అన్నాడు తాత. "ఆ మహానుభావుని పక్కన ఈయన్ని పెడ్తావా? ఈయన వాళ్ళ మనిషి. వాళ్ళకేమైనా చేసుకున్నాడేమో గానీ, మనకేం చేసినాడు?"

పాప చేతిలో కాగితం తిప్పింది.

"మన రాష్ట్రంలో ముసలోళ్ళకు పింఛను మొదలుపెట్టింది ఆయనే తాతా. ఇందాక నువ్వు దేవుడన్నది ఆయన్నే."