గోడౌన్ మేనేజరు కావాలంటే: కొన్ని తలకిందుల సలహాలు

మేనేజరు కావాలనుకుంటే మేనేజరు పోస్టుకి దరఖాస్తు పెట్టకండి. మేడ్చల్‌లోనో శంషాబాద్‌లోనో ఏదో ఒక గోడౌన్‌లో సరుకు దింపే చోట, వీలైతే నైట్ షిఫ్టులో చేరండి. ఇంత చదివి ఇదేం పనని ఇంట్లో అంటారు, అననివ్వండి. బిల్లుకీ సరుక్కీ తేడా ఎక్కడ పుడుతుందో లారీ తలుపు తెరిచినప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత స్టాకు లెక్కలు, ఆపైన షిఫ్ట్ ఇన్‌చార్జి. ఈ మెట్లు ఎక్కకుండా క్యాబిన్‌లో కూర్చున్నవాడికి కంప్యూటర్ ఏది చెబితే అదే నిజం.

సర్కారు కొలువే కావాలంటే దారి వేరు. సెంట్రల్ వేర్‌హౌసింగ్ కార్పొరేషన్‌లో రాతపరీక్ష ఉంటుంది. సైన్సు, అగ్రికల్చర్ డిగ్రీలు అక్కడ పనికొస్తాయి.

తరుగు దాచకండి, రాయండి. పైవాళ్లు తిడతారని కొత్తవాళ్లంతా దాచేది ఇదే. నిల్వ ఉన్న ధాన్యంలో తేమ ఆరుతుంది, బరువు తగ్గుతుంది. ఏడాది గడిచినా ఒక్క కిలో తగ్గలేదని చూపించే రిజిస్టరుని నేను చస్తే నమ్మను. కనబడిన రోజే, కనబడినంతా, కారణంతో సహా ఎక్కించండి. 2007 గిడ్డంగుల చట్టం కింద నమోదైన గోడౌన్ రసీదు మీద రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకోగలడు. మీరు రాసే అంకె మీద అతని పిల్లల ఫీజులు ఆధారపడి ఉంటాయి.

గోడౌన్‌ని కిటకిటలాడేలా నింపకండి. ఖాళీ జాగా చూస్తే యజమానికి ప్రాణం విలవిల్లాడుతుంది, అయినా ఒప్పుకోకండి. గోడకీ బస్తాలకీ మధ్య మనిషి నడిచేంత సందు లేకపోతే లెక్కపెట్టలేరు, ఎలకల్ని కనిపెట్టలేరు, పురుగుమందు పొగకి కవరు కప్పలేరు. ఆ పొగ పెట్టాక కవరు కనీసం ఐదు రోజులు తీయకూడదు. పార్టీ ఎంత తొందరపెట్టినా సరే, ఆ గాలి మనిషిని చంపుతుంది.

ముఠా మేస్త్రీకి పని చెప్పేముందు అతన్ని అడగండి. ఏ బస్తా ఏ వరసలో జారుతుందో, ఏ మూల వాన దిగుతుందో అతనికి తెలుసు. హమాలీ కూలి మాత్రం ఏ రోజుది ఆ రోజే ఇప్పించండి.

ఇంటర్వ్యూలో జీతం సంగతి తర్వాత. ముందు డ్యామేజీ సరుకు పెట్టే మూల చూపించమని అడగండి. అలాంటిది మా దగ్గర లేదన్నారా, ఆ గోడౌన్‌లో చేరకండి.