పది దాటినా ఆగని మోత

మా రోజుల్లో బాన్సువాడలో చప్పుడే లేదంటే అబద్ధమవుతుంది. రైసుమిల్లు మోగేది, పిండిగిర్ని మోగేది, బోధన్ షుగర్ ఫ్యాక్టరీకి చెరకు బండ్లు పోయేవి. పెండ్లికీ, పీర్ల పండుగకూ డప్పులుండేవి. కానీ ఆ చప్పుడు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో అందరికీ తెలుసు. గిర్ని బందయితే వాడంతా నిమ్మళం. ఆడవాళ్లు అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే ఆకు కోసే కత్తెర చప్పుడు కూడా వినబడేది. ఒక ఇంట్లో రేడియో పెడితే నాలుగిండ్లకు వార్తలు అందేవి.

ఇప్పుడు పొద్దున లేస్తే మిక్సీ, కుక్కర్, టీవీ. పిల్లల ఫోన్లలో ఒక్కోదాంట్లో ఒక్కో పాట. నిజాంసాగర్ కింద రెండు పంటలు కాబట్టి హార్వెస్టర్లూ రెండుసార్లు దిగుతాయి. అది అన్నం పెట్టే చప్పుడు, దాన్ని నేను తప్పుపట్టను. ఓర్చుకోలేనిది బరాత్ డీజే. అది మా గల్లీలోకి వస్తే కిటికీ అద్దాలు అదురుతాయి, రొమ్ము మీద గుద్దినట్టుంటుంది, పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు. అడిగితే "ఒక్కరోజే కదా తాతా" అంటారు. లగ్గాల కాలమంతా ఎవరో ఒకరికి ఆ ఒక్కరోజే!

నిబంధనలు లేక కాదు. 2000లోనే వచ్చాయి. ఇండ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించొద్దు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకులు మోగొద్దు. సుప్రీంకోర్టు 2005లో ఇదే గట్టిగా చెప్పింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఇక్కడ బరాత్‌లను పదింటికైనా ఆపలేమా?

మాకు వినబడకపోతే వయసు మీద పడ్డదని తేల్చేస్తారు. వయసు ఉంది నిజమే. అరవై దాటినవాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా ఇబ్బందిపెట్టేంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ మోత కూడా అదే పని చేస్తుంది. లోపలి చెవిలో సన్నని రోమకణాలుంటాయి. అవి ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. సన్నని ధ్వనులను పట్టేవి ముందు పోతాయి. అందుకే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, 'పాలు' అన్నాడో 'చాలు' అన్నాడో తెలియదు.

అప్పుడు ఇంట్లోవాళ్లు అరుస్తారు. అరిస్తే అచ్చుల మోత పెరుగుతుంది తప్ప హల్లులు తేటపడవు. పైగా నలుగురిలో అవమానం. చెవిమిషన్ పెట్టుకున్నా మాటతో పాటు మిక్సీ కూడా పెద్దగా మోగుతుంది. కోడలా, మనవడా, మీరు చేయాల్సింది తక్కువే. టీవీ బంద్ చేసి, మొఖం కనబడేటట్టు ఎదురుగా కూర్చుని, నిదానంగా చెప్పండి.

నాకు ఇంకా పెద్ద రంది డీజే బండి మీద పాటలు మార్చే పిల్లగాని గురించి. ఇరవై ఏండ్లు కూడా ఉండవు. బాక్సుల పక్కనే నిలబడతాడు, చెవులకు ఏ అడ్డమూ ఉండదు. వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటొద్దని అదే ఆరోగ్య సంస్థ హెచ్చరిక. మోత పెరిగినకొద్దీ ఆ గంటలు నిమిషాలవుతాయి. ఆ బండి కిరాయికి మాట్లాడుకునే పెద్దమనుషులు, బండి ఓనర్లు ఆ పిల్లగానికి చెవుల రక్షణ కొనివ్వాలి, ఏటా చెవి పరీక్ష చేయించాలి.